మా తోడల్లుడి ఆయిల్ పైపు

మా తోడల్లుడు ఇంజన్ మీద పైపు వేస్తుంటే చూడటానికి మనుషులు ఆగేవారు. భద్రాచలంలో చింతూరు రోడ్డు పక్కన మా మామ షెడ్డు ఉండేది. టీ తాగడానికి వచ్చిన జీపు డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని అతని భుజం మీదుగా తొంగి చూసేవారు. నేను పక్క బండి కింద పడుకుని గేర్‌బాక్స్ దించుతుంటే, బయటికి చాచిన నా కాళ్ళు దాటుకుని అటు వెళ్ళేవారు. ఒకడైతే నా కాలు తొక్కి, తొక్కానన్న సంగతి కూడా తెలియకుండా అటే పోయాడు. కాలి నొప్పి సాయంత్రానికి తగ్గింది. రెండో నొప్పి ఇప్పటికీ తగ్గలేదు.

దాచుకునేదేం లేదు, నాకు అతనంటే కుళ్ళు. అసూయ అంటే కాస్త మర్యాదగా ఉంటుంది గానీ నాకున్నది అంత మర్యాదైనది కాదు. అతను నవ్వితే కడుపులో మంట, అతని పేరు ఎవరైనా మెచ్చుకుంటూ ఎత్తితే చేతిలో పానా జారిపోయేది. అయినా అన్నం మాత్రం ఇద్దరం ఒకే ఇంట్లో, పక్కపక్కనే కూర్చుని తినేవాళ్ళం.

మాది కారేపల్లి. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో ట్రాక్టర్లు విప్పీ బిగించీ పని నేర్చుకున్నాను. ఒకసారి మా మామ జీపు అటువైపు వచ్చి ఆగిపోతే నేను బాగుచేశాను. అప్పటికి ఆయన మామ కాదు, ఎవరో పెద్దమనిషి. నా పని చూసి భద్రాచలం రమ్మన్నాడు, షెడ్డులో పెట్టుకున్నాడు, తర్వాత తన పెద్దకూతుర్నే ఇచ్చాడు. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. చింతూరు దాటి ఘాట్ ఎక్కే రోడ్డు మీద జనాన్ని ఎక్కించుకుని జీపు నడిపిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. ఆ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లలో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం ఆయనే నేర్పాడు. వాళ్ళంతా ఆయన్ని చూడగానే బీడీ పారేసేవారు.

కొన్నేళ్ళు ఆ ఇంటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణి. ఆదివారం కోడి కోస్తే కందనకాయ నా కంచంలో పడేది. అడగకుండా, అలవాటుగా పడేది. అది పెద్ద విషయమని నేనెప్పుడూ అనుకోలేదు, పోయేదాకా.

తర్వాత రెండో అల్లుడు వచ్చాడు. బోనకల్ మనిషి. చిన్నప్పుడే రైలెక్కి విజయవాడ పోయి అక్కడ వర్క్‌షాపుల్లో పని నేర్చాడు. ఇస్త్రీ చొక్కా మీద మరకపడకుండా మెడలో తువ్వాలు దోపుకుని ఇంజన్ విప్పేవాడు. జేబులో ఎప్పుడూ దువ్వెన ఉండేది. పని అయ్యాక చేతులు కడుక్కుని ముందు తల దువ్వుకుని, ఆ తర్వాతే బండి యజమానితో మాట్లాడేవాడు. మాట చివర ‘అండి’ తగిలించేవాడు. మా అత్త ఆ ‘అండి’కి కరిగిపోయింది. అతను వచ్చిన మొదటి ఆదివారమే కందనకాయ అతని కంచంలోకి పోయింది. నా కంచంలో చూసుకుంటే మెడ ముక్క ఉంది. నా మొహం చూసి నా భార్య వంటింట్లోకి పోయి నవ్వింది. ఆ నవ్వు నాకు గోడ అవతల నుంచి వినపడింది.

మా మామ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉండేది. ఇంజన్ విప్పినవాడే బిగించాలి, బిగించినవాడే ఆ బండి మొదటిసారి గుట్ట ఎక్కేటప్పుడు ముందు సీట్లో కూర్చోవాలి. ఒకరు విప్పిన ఇంజన్ మీద ఇంకొకరు పానా పెట్టకూడదు. పని తేడా వస్తే అడవిలో నిలబడిపోయేది డ్రైవరొక్కడే కాకూడదు, చేసినవాడు కూడా నిలబడాలని ఆయన ఉద్దేశం. ఈ కట్టుబాటు మాకు బాగానే ఉండేది. ఎవరి పని ఎవరిదో ఊరందరికీ తెలిసేది.

ఆ రోజుల్లోనే టర్బో బండ్లు మా వైపు రావడం మొదలైంది. టర్బో అంటే మొదట్లో నాకు తెలిసింది బండి వెనక రాసి ఉండే అక్షరాలే. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దానితోపాటు తిరిగే ఇంకో చక్రం ఇంజన్‌లోకి గాలిని దట్టించి పంపుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు బండికి దమ్ము ఇచ్చేది అదే. ఆ రెండు చక్రాలనూ కలిపే ఇరుసు మన వేలంత లావు కూడా ఉండదు. నిప్పులాంటి వేడిలో, కంటికి ఆననంత జోరుగా తిరుగుతుంది. దాన్ని కాపాడేది ఇంజన్ నుంచి వచ్చే ఒక సన్నటి ఆయిల్ పైపు. ఆయిల్ అందినంతసేపు ఇరుసు ఆయిల్ మీద తేలుతూ తిరుగుతుంది. అందకపోతే పట్టేస్తుంది.

కంపెనీ పైపు పగిలితే మా దగ్గర దొరికేది కాదు. ఖమ్మంలో వెతకాలి, అక్కడా లేకపోతే విజయవాడ నుంచి బస్సులో వేయించుకోవాలి. అంతదాకా బండి ఆపుకుని కూర్చునే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి స్టీలు గొట్టం వంచి, రెండు కొసలకూ బోల్టు దూరే గుండ్రటి తలలు గ్యాస్ వెల్డింగ్‌తో అతికించి మేమే తయారు చేసేవాళ్ళం. తలకు అటూ ఇటూ కొత్త రాగి వాషర్లు వేసి బిగిస్తే చుక్క కారదు. గొట్టం వంచడం, అతకడం నాకూ వచ్చు. తేడా అంతా ఆ పైపుని ఇంజన్ మీద ఏ దారిన తీసుకుపోతామన్న దాంట్లో ఉంది.

నేను ఇంజన్ వైపు ఒకసారి చూసి గొట్టం వంచేవాణ్ణి. నా కన్ను మీద నాకు నమ్మకం. అతను అలా కాదు. ముందు ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు ముక్క తీసుకుని ఆయిల్ వచ్చే చోటు నుంచి టర్బో దాకా ఇంజన్ మీద పాకించేవాడు. వెనక్కి జరిగి, తల పక్కకు వాల్చి చూసేవాడు. తీసేసి మళ్ళీ పాకించేవాడు. పెళ్ళికూతురికి జడ వేస్తున్నట్టు ఉండేది ఆ వ్యవహారం. డ్రైవర్లు మూగేది ఈ తతంగం చూడటానికే. చివరికి వైరు ఎలా వంగిందో గొట్టాన్ని అలాగే వంచేవాడు. తీరా చూస్తే ఆ పైపు దగ్గరి దారి వదిలేసి, ఆయిల్ ఫిల్టర్ వెనక నుంచి, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న గోడ పక్కగా తిరిగి, పైనుంచి టర్బోలోకి దిగేది. మధ్యలో ఇంజన్ ఊగినా లాగకుండా కాస్త వదులు, ఒరుసుకోకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఒక క్లిప్పు.

ఇంటి ఎదురుగా ఉన్న దుకాణానికి ఊరంతా తిరిగి పోయినట్టుంది నీ పైపు అని ఒకరోజు అందరి ముందూ అన్నాను. డ్రైవర్లు నవ్వారు. అతను కూడా నవ్వి, “వేడికి దూరంగా పోతోందిలే అన్నా. నాలుగడుగులు ఎక్కువ నడిస్తే దానికేం కాళ్ళు నొప్పులా?” అన్నాడు. ఈసారి డ్రైవర్లు ఇంకా గట్టిగా నవ్వారు. నేను వేసిన మాట కూడా అతని ఖాతాలోకే పోయింది.

అయితే నాకు సంతోషం కలిగించే సంగతి ఒకటి జరిగింది. అతను పైపులు వేసిన బండ్లలో కొన్ని మళ్ళీ వెనక్కి వచ్చాయి, లోపల ఆయిల్ మాడి పూడుకుపోయి. పాల్వంచ, ఖమ్మం వైపు తిరిగే బండ్లు రాలేదు, ఘాట్ ఎక్కే బండ్లే వచ్చాయి. ఆ తేడా నేను పట్టించుకోలేదు. వెనక్కి రావడమే నాకు కావాలి. ఎవరు అడిగినా, అడక్కపోయినా ఆ సంగతి చెప్పేవాణ్ణి. అతను మాత్రం పూడిన పైపులోంచి నల్లటి పెళ్ళ గీకి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, కిరోసిన్‌లో చేతులు కడుక్కుని తల దువ్వుకునేవాడు.

ఆ ఏడాది మా మామ కూడా పాత జీపు అమ్మేసి టర్బో జీపు కొన్నాడు. అప్పటికే ఆయన మోకాళ్ళు అరిగాయి. డ్రైవింగ్ మానలేదు గానీ షెడ్డులో నిలబడలేకపోతున్నాడు. ఒకరోజు అన్నాలయ్యాక మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, షెడ్డు తాళం ఒకరి చేతిలో పెడతానన్నాడు. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది, స్నానానికి కూడా తీసేవాడు కాదు. ఒక షెడ్డుకు ఇద్దరు పెద్దలుంటే రోజూ పంచాయతీ అవుతుందని, తాళం అందనివాడు వేరే చోటు చూసుకోవాలని కూడా చెప్పాడు. ఎవరికిస్తావని మేము అడగలేదు. ఆయనే చెప్పాడు.

“నా బండి ఎవరి చేతిల మంచిగుంటదో వాళ్ళకిస్త,” అన్నాడు.

అలా చెప్పిన కొన్నాళ్ళకే ఆ జీపు ఆయిల్ పైపుకు పగులు వచ్చింది. పెద్దల్లుణ్ణి కాబట్టి పని నాకు ఇచ్చాడు. నా జీవితంలో అంత శ్రద్ధగా వేసిన పైపు ఇంకొకటి లేదు. ఇంజన్ నుంచి టర్బోకు పొగగొట్టాల పక్కగా సూటిగా, ఒక్క వంపుతో తీసుకుపోయాను. పని అయ్యాక తుడిచి మెరిపించాను. గీత గీసినట్టుందని డ్రైవర్లు అన్నారు. ఆ రోజు వాళ్ళు నిలబడింది నా భుజం వెనక. మా తోడల్లుడు కూడా వచ్చి వంగి చూసి, వేడికి మరీ దగ్గరగా పోతోందేమో అన్నా అన్నాడు. నీలాగ ఊరేగించాల్నా అని అడిగాను. తన పని మీదికి పోయాడు. నాకు కడుపు నిండినట్టయింది.

కట్టుబాటు ప్రకారం మొదటి ఎక్కుడుకు నేను ముందు సీట్లో కూర్చున్నాను. మామ నడుపుతున్నాడు. వెనక సంతకు పోయే జనం, బుట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. బండి నిండా బరువుతో ఘాట్ ఎక్కుతుంటే టర్బో ఈల వేస్తోంది. మలుపు తర్వాత మలుపు, ఎక్కడా దమ్ము తగ్గలేదు. గుట్ట పైన రోడ్డు పక్కన అడవి పల్లెల వాళ్ళు పసుపు కుంకుమలు పెట్టి కొలిచే రాళ్ళు ఉంటాయి. మేమంతా గుట్ట మీది అమ్మ అంటాం. అక్కడికి రాగానే మామ అలవాటు ప్రకారం ఒకసారి హారన్ కొట్టి, గేరు తీసేసి, తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. బండి తన బరువుతో తాను దిగసాగింది. గాలి చప్పుడు, టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక ఒక కోడి అరిచింది.

దీని గురించి కొంచెం చెప్పాలి. ఎక్కినంతసేపూ ఇంజన్, దిగేటప్పుడు ఇంజన్ బందు, ఇదీ ఆ రోడ్డు మీద అందరి పద్ధతి. డీజిల్ మిగులుతుందని మామ నేర్పిన పద్ధతి. ఎక్కడానికి డీజిల్ పోశాం, దిగడానికి కూడా ఎందుకు పోయాలని ఆయన వాదన. ఇంజన్ ఆగితే బ్రేకు బండరాయిలా గట్టిపడుతుంది, అయినా అరిగిన మోకాలితోనే తొక్కేవాడు. నేనూ అలాగే నడిపేవాణ్ణి. అది మాకు తప్పుగా ఎన్నడూ తోచలేదు, అదే డ్రైవింగ్ అనుకునేవాళ్ళం. ఒకసారి బండి సామాన్లు అమ్మే మనిషి ఒకడు, అలా ఇంజన్ ఆపడం మంచిది కాదు పెద్దాయనా అన్నాడు. నేను నేర్పిన రోడ్డు మీద నాకు నేర్పుతున్నావా అని మామ అతన్ని మళ్ళీ షెడ్డు మెట్టెక్కనివ్వలేదు.

కింద వాగు దాటాక మామ ఇంజన్ స్టార్ట్ చేసి నావైపు చూసి, మంచిగ కుదిరింది అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకు మించి రాదు. ఆ ఆదివారం కందనకాయ నా కంచంలోకి తిరిగి వచ్చింది. నేను దాన్ని చాలాసేపు నమిలాను, పక్కన కూర్చున్నవాడికి వినపడేలా.

ఆ సంతోషం ఒక్క ఎండాకాలం కూడా నిలవలేదు. ఒక సంత రోజు నిండు బండి ఘాట్ మధ్యలో దమ్ము కోల్పోయింది. వెనక నీలం పొగ కమ్మింది. టర్బో పట్టేసింది. ఆడవాళ్ళు బుట్టలు నెత్తికెత్తుకుని మిగతా గుట్ట నడిచి ఎక్కారు. మా మామ, ఆ రోడ్డుకు పెద్ద దిక్కు, తను డ్రైవింగ్ నేర్పిన ఒకడి లారీలో పక్కన కూర్చుని ఇంటికి వచ్చాడు. బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. నా పైపు నేనే విప్పాను. మాడిన బెల్లం పాకంలా నల్లగా, గట్టిగా పూడుకుపోయి ఉంది. మామ దాన్ని తీసుకుని బల్ల మీద పెట్టాడు. అందరూ వచ్చి చూసి పోయారు. మామ చిన్నల్లుడి వైపు తిరిగి, ఇక నుంచి నువ్ చూడు అన్నాడు.

నేను విప్పిన ఇంజన్ మీద ఇంకొకడు పానా పెట్టిన రోజు అదే. కట్టుబాటు నా దగ్గరే తెగింది. కొత్త టర్బో వచ్చింది, దానికి మా తోడల్లుడు తన ఊరేగింపు పైపు వేశాడు. మొదటి ఎక్కుడుకు ముందు సీట్లో కూర్చుని వెళ్ళొచ్చాడు. నెలలు గడిచాయి. ఆయిల్ మార్చే వేళ ఆ పైపు విప్పి, ఒక కొస కంటికి పెట్టుకుని ఆకాశం వైపు చూసి నాకు అందించాడు. నేనూ చూశాను. అటు కొసన తెల్లటి వెలుగు కనిపించింది. ఆ వెలుగు చూసి నాకు కళ్ళు మండాయి.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఇతని పైపులు ఘాట్ బండ్లలో ఇంతకు ముందు పూడుకుపోయాయి కదా. ఇదొక్కటీ ఎందుకు పూడలేదు? ఏదో కిటుకు ఉంది. దాన్ని పట్టుకోవాలి. చింతూరులో పని ఉందని ఇంట్లో చెప్పి ఒక పొద్దున మామ జీపులోనే, వెనక సీట్లో, జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. చింతూరు వచ్చింది. దిగలేదు. మామ ముందున్న చిన్న అద్దంలో నన్ను ఒకసారి చూశాడు, అడగలేదు.

గుట్ట పైకి వచ్చాం. మామ హారన్ కొట్టాడు. గేరు తీసేశాడు. ఇక తాళం తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. బండిని రాళ్ళ ఎదురుగా పక్కకు ఆపి, ఇంజన్ నడుస్తుండగానే రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఆయన అంత భక్తుడని నాకు తెలియదు. జనం కూడా దండాలు పెట్టుకున్నారు. దిగి ఆకు తెంపి రాళ్ళ దగ్గర పెట్టి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ కాసేపట్లో ఇంజన్ రొద మెత్తబడింది, టర్బో ఈల పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు మామ కళ్ళు తెరిచి, తాళం తిప్పి ఇంజన్ ఆపి, ఎప్పటిలాగే బండిని దిగుడుకు వదిలాడు.

నా పక్కనున్న మనిషిని ఇదెప్పటి నుంచి అని అడిగితే ముందు నుంచి మామే జవాబిచ్చాడు. “చిన్నల్లుడు చెప్పిండు. అమ్మ ముందల ఇంజన్ బందు జేసి దండం పెడితే సచ్చిన బండిని చూపించినట్టంట. నడుస్తుండంగనే పెట్టాలె, తొందరపడొద్దంట.”

దిగుడు అయ్యేలోపే నాకు మొత్తం అర్థమైంది. పాకం కలుపుతున్నంతసేపూ మాడదు. గరిటె ఆపి గిన్నెను పొయ్యి మీదే వదిలేస్తే అడుగంటుతుంది. గుట్టంతా ఎక్కి ఎర్రగా కాలిన టర్బో, పైన ఠక్కున ఇంజన్ ఆపేస్తే కదలకుండా నిలిచిపోయే ఆయిల్. మాడకేం చేస్తుంది? ఘాట్ బండ్లే ఎందుకు వెనక్కి వచ్చాయో, పాల్వంచ బండ్లు ఎందుకు రాలేదో తెలిసిపోయింది. మా తోడల్లుడు ఆ నల్లటి పెళ్ళ వాసన చూసే రోజుల్లోనే ఈ సంగతి పసిగట్టాడు. మామకు చెబితే సామాన్ల మనిషికి పట్టిన గతే పడుతుందని దాన్ని దండంలో చుట్టి ఇచ్చాడు. మామ పెడుతున్నాడు కాబట్టి మిగతా డ్రైవర్లూ ఆగి దండం పెట్టడం మొదలుపెట్టారు.

నాకు కోపం వచ్చింది, చాలా వచ్చింది. అంటే నా పైపు తప్పు కాదు. వేడికి కాస్త దగ్గరైతే అయ్యుండొచ్చు గాక, ఇలా ఆగి చల్లబరిస్తే అది కూడా బతికేది. దాన్ని మాడ్చింది మామ. ఆ సంగతి ఇతనికి తెలుసు. తెలిసి నాకు చెప్పలేదు.

షెడ్డుకు వచ్చి నేరుగా అతని దగ్గరికి పోయాను. గుట్ట మీది అమ్మకు ఎప్పటి నుంచి భక్తుడివైనవ్ తమ్మీ అని అడిగాను. అతను దువ్వెన పళ్ళలో ఇరుక్కున్న మట్టిని గోటితో తీస్తున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. తెలిసిపోయిందని అతనికి తెలిసింది.

“మామయ్యగారికి నువ్వైతే చెప్పగలవా అన్నా? ఆయన డ్రైవింగే తప్పని?” అన్నాడు.

చెప్పగలనని అనుకుంటూ వచ్చేశాను. ఆ తర్వాత రోజూ మనసులో చెప్పుకునేవాణ్ణి, ఏ మాట ముందు, ఏ మాట వెనక అని.

చెప్పే రోజు వచ్చింది. మామ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డ్రైవర్లు టీ తాగుతున్నారు. మా అత్త, నా భార్య, మరదలు గుమ్మంలో నిలబడ్డారు. మామ మొలతాడు ముడి విప్పి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పెద్దల్లుడి పైపు మాడింది, చిన్నల్లుడి పైపు మాడలేదు, అందరూ చూసిందే అన్నాడు. అని, నావైపు తిరిగాడు.

“నువ్వేమన్న అంటవా పెద్దల్లుడా?”

నోటి చివరి దాకా వచ్చింది. నా పైపు నువ్వే మాడ్చావు మామా, ఇంజన్ ఆపి దిగితే ఎవడి పైపైనా మాడుతుంది, కావాలంటే ఇతన్ని అడుగు. ఇంతే. ఇది అంటే షెడ్డు నాదో కాదో గానీ, ఆ నలుగురి ముందూ నా పని నిలబడేది. మామ నేర్పిన డ్రైవర్లంతా అక్కడే ఉన్నారు. నేను మా తోడల్లుడి వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు. జేబులో దువ్వెన మీద చెయ్యి ఉంది, తీయలేదు. అతను నోరు విప్పడని నాకు అప్పుడు అర్థమైంది. నేను అడిగినా విప్పడు. ముసలాయన పరువు కోసం ఈ సంగతిని ఇన్ని రోజులు కడుపులో పెట్టుకున్నాడు, తాళం చేతికి రాకపోయినా పెట్టుకునే ఉండేవాడు.

నాకు మామ మీద అంత జాలేం లేదు ఆ క్షణంలో. కానీ వాడు మూసుకున్న నోరు నేను తెరిస్తే వాడికంటే చిన్నవాణ్ణయిపోతాను. పైపులో వెనకబడ్డాను, ‘అండి’లో వెనకబడ్డాను, కందనకాయలో వెనకబడ్డాను. ఇందులో కూడా వెనకబడటం నా వల్ల కాలేదు. నా చేత ఆ రోజు మంచి పని చేయించింది నా కుళ్ళే.

ఏం లేదు మామా అన్నాను.

తాళంచెవి అతని చేతిలో పడింది. నేను నా పానాలు సంచిలో వేసుకుని గోదావరి బ్రిడ్జి దాటి సారపాక వైపు రేకులతో చిన్న షెడ్డు వేసుకున్నాను. కొన్నాళ్ళు ట్రాక్టర్లు, ఆటోలు. తర్వాత టర్బో బండ్లు కూడా వచ్చాయి. వాటికి పైపులు నేను ఏ దారిన వేశానో అడగకండి. ఫిల్టర్ వెనక నుంచి, గోడ పక్కగా తిరిగి, పైనుంచి దించాను. ముందు బైండింగ్ వైరు పాకించి చూసేవాణ్ణి, ఎవరూ లేనప్పుడు. నా పని బాగుందని జనం మెచ్చుకున్నప్పుడల్లా ఆ మెప్పులో సగం బ్రిడ్జి అవతలికి పోతోందని నాకు తెలుసు.

కొన్నేళ్ళ తర్వాత ఒక పొద్దున మామ ఆటో దిగి నా షెడ్డుకు వచ్చాడు. డ్రైవింగ్ అప్పటికి మానేశాడు. నన్ను గుట్ట ఎక్కించు అన్నాడు. ఎందుకని అడగలేదు. నాకూ ఒక పాత జీపు ఉంది, ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయాను. దారంతా మోకాలు రుద్దుకుంటూ ఉన్నాడు. పైన రాళ్ళ ఎదురుగా ఆపి, ఇంజన్ నడుస్తుండగా నేను చేతులు జోడించాను. ఆ రోడ్డు మీద ఇప్పుడు అలా ఆగని డ్రైవరు లేడు.

“కంపెనీ వాళ్ళొచ్చి డ్రైవర్లకు క్యాంపు పెట్టిండ్రు,” అన్నాడు మామ. “గుట్ట ఎక్కినంక ఇంజన్ను జరసేపు నడవనియ్యాలంట. లేకుంటే టర్బోల ఆయిల్ మాడతదంట. గప్పుడు సమజయింది, చిన్నోడు నాతోని దండమెందుకు పెట్టించిండో.”

నేను రాళ్ళ వైపే చూస్తున్నాను.

“నీకు గూడ ఎరుకనే. ఆ పొద్దు వెనక సీట్ల కూసున్నవ్, అద్దంల నీ మొఖం చూసిన. తాళం ఇచ్చేనాడు నువ్వు లొల్లి చేస్తవనుకున్న. నీ నోరు నాకెరికె గద. చెయ్యలే. నీ పైపుల తప్పు లేకుండె, బిడ్డా. కాల్చింది నేను.”

అల్లుడా అనే మనిషి బిడ్డా అన్నాడు. అంతటి మాటకు నేను ఏదో గొప్పగా జవాబివ్వాల్సింది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: “తమ్మికి చెప్పినవా మామా, ఈ మాట?”

“లే. చిన్నోని ముందల నేనింకా దండమే పెడుతున్న. ఎందుకులే, ముసలోడు నమ్మిండని సంతోషపడనీ.”

పాత అలవాటు కొద్దీ ఆయన చెయ్యి నా బండి తాళం మీదికి పోయింది. మధ్యలో ఆగి వెనక్కి వచ్చి మోకాలి మీద పడింది. ఇంకాసేపు నడవనీ అన్నాడు. ఇద్దరం ఇంజన్ చప్పుడు వింటూ కూర్చున్నాం.

షెడ్డు మా తోడల్లుడిదే. ఆ ఇంట్లో కోడి కోసిన రోజున కందనకాయ ఇప్పటికీ అతని కంచంలోకే పోతుంది. పక్కనే కూర్చుని మెడ ముక్క నములుతూ అతన్ని చూస్తుంటాను. గుట్ట మీద మామ నాతో అన్న మాట అతని దగ్గర లేదు. నేను చెప్పను కూడా.